వాట్లు చాలని ఆట

మొన్నొక ఆదివారం మా తమ్ముడు రమేశ్ చాంద్రాయణగుట్ట నుంచి ఫోన్ చేసి, ఒకసారి వచ్చి నీ కోడలికి బుద్ధి చెప్పిపొమ్మన్నాడు. కోడలంటే వాడి కూతురు మేఘన, ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోంది. వెళ్లి చూస్తే బుద్ధి చెప్పాల్సినంత నేరమేమీ జరగలేదు. ఆ పిల్ల ఒక కంప్యూటర్ కొనుక్కుంటానంటోంది. దుకాణంలో తయారుగా దొరికేది కాదు, భాగాలు విడివిడిగా తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకునేది. ఏ ప్రాసెసర్, ఏ మదర్‌బోర్డు, ఏ గ్రాఫిక్స్ కార్డు అని నెలల తరబడి చూసి, ధరలు పోల్చి, వాళ్ల నాన్న ఇస్తానన్న సొమ్ములో పట్టేలా అన్నిటినీ కుదించుకుంది. ఈ ఏడాది ర్యామ్ ధర చెట్టెక్కి కూర్చుందని దాన్ని సగానికి తగ్గించుకుంది. మానిటర్ కొనకుండా, ఎవరో స్నేహితురాలి ఇంట్లో మూల పడి ఉన్నది తెచ్చుకుంటానంది. వీటన్నిటికీ తల ఊపిన రమేశ్ పవర్ సప్లై దగ్గర మాత్రం మొండికేశాడు. కంప్యూటర్‌లోని ప్రతి భాగానికీ కరెంటు పంచిపెట్టే ఇనుప డబ్బా అది.

"గీ డబ్బా ఒక్కటే ఆరునూర్ల యాభై వాట్లట అక్కా," అన్నాడు, ఫోన్ నా ముందు పెట్టి. "మనింట్ల ఫ్రిజ్ గూడ గంత తినది. చిన్నది ఉండంగ గిదెందుకు? బిల్లు ఎవలు కట్టాలె?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి మీద కాదు, ఆ మాట మీద. అది వాడి మాట కాదు, మా బాపు మాట. ఇన్నేళ్ల తర్వాత ఒక్క అక్షరం పోకుండా వాడి నోట్లోంచి వచ్చింది. ఆ మాట వల్ల నా వయసులో ఒక ముక్క ఎలా వృథా అయిందో వాడికి తెలుసు, వాడూ ఆ ఇంట్లోనే ఉన్నాడు. అయినా అన్నాడు.

మా ఇల్లు ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో ఉండేది. బాపు కరెంటాఫీసులో లైన్‌మన్. ఖాకీ బట్టలు, నడుముకు తోలు పటకా, అందులో కటింగ్ ప్లేయరు, టెస్టరు. సాయంత్రం ఆయన గల్లీలోకి వస్తుంటే రబ్బరు చేతితొడుగుల వాసన, వాటిలో చల్లుకునే పౌడరు వాసన, చెమట వాసన కలిసి ముందే ఇంటికి చేరేవి. వచ్చినవాడు మంచినీళ్లు తాగడు, కాళ్లు కడగడు. గుమ్మం పక్కన మీటరు ముందు నిలబడతాడు. అప్పటి మీటర్లలో ఒక సన్నటి చక్రం తిరుగుతూ ఉండేది. దాని వేగం చూసి ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో బయటి నుంచే చెప్పేవాడు. ఇస్త్రీపెట్టె బంద్ చెయ్యమని ఆయన గుమ్మంలోంచి అరిచేసరికి లోపల అమ్మ పెట్టె పట్టుకుని బిక్కమొహం వేసేది. ఊళ్లో అందరికీ కరెంటు ఇచ్చే మనిషి ఇంట్లో మాకు మాత్రం కరెంటు కొలిచి పోసేవాడని అమ్మ సణిగేది. ఏ వస్తువు కొన్నా ముందు వెనక్కి తిప్పి, అంటించిన చీటీ మీద వాట్లు చదివాకే దానికి ఇంట్లో చోటు దొరికేది. మా నాయనమ్మ చదువుకోలేదు కానీ ఆ భాష ఆమెకూ అంటుకుంది. పని చెయ్యని పక్కింటి అల్లుణ్ని జీరో బల్బు అనేది.

ఆ రోజుల్లో మా గల్లీ మూల మీద ఒక నెట్ సెంటర్ తెరిచారు. ప్లైవుడ్ గదులు, లోపల కూలర్ తడి వాసన, పాత కుర్చీలు. పేరుకు ఇంటర్నెట్టే అయినా సాయంత్రమైతే మగపిల్లలు కార్ల పందేల ఆట ఆడేవాళ్లు. ఏదో దరఖాస్తు ప్రింటు తీసుకోవాలని ఒకరోజు నేను రమేశ్‌తో వెళ్లాను. ప్రింటు వచ్చేలోగా వాడి కుర్చీలో కూర్చుని ఒక పందెం ఆడాను. సముద్రం పక్కన రోడ్డు, ఎర్ర కారు. బీటలు వారిన మా గల్లీ తప్ప రోడ్డు ఎరుగని నేను ఆ మలుపుల్లో కారు తిప్పుతుంటే వెనక నిలబడ్డ పిల్లలు మాట్లాడటం మానేశారు. గెలిచాను. ఆ సాయంత్రమే ఎవరో అమ్మకు చెప్పారు, మీ పిల్ల పోరగాళ్ల నడుమ కూర్చుందని. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఇంక అటు పోకు అంది, అంతే. రమేశ్ మర్నాడు కూడా వెళ్లాడు. ఆ తర్వాత రోజూ వెళ్లాడు, వచ్చి భోజనం దగ్గర ఆ రోజు ఏ కారు గెలిచాడో చెప్పేవాడు. నేను అన్నం కలుపుకుంటూ వినేదాన్ని. అప్పుడు నా లోపల ఎంత ఉడికిపోయిందో ఇప్పుడు రాస్తున్నా తగ్గడం లేదు.

నేను ఆడాలంటే ఆట మా ఇంటికే రావాలి, వేరే దారి లేదు. డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకున్నాను కాబట్టి చదువుకు కంప్యూటర్ కావాలన్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. బాపు చాలా రోజులు ఏమీ అనలేదు. తర్వాత ఆఫీసులో ఏవో బకాయిలు చేతికొచ్చాయి, నా ట్యూషన్ల డబ్బులు కలిశాయి, ఇంతకు మించి ఒక్క రూపాయి లేదని చెప్పి నన్ను పత్తర్‌గట్టి తీసుకెళ్లాడు. అక్కడ బట్టల దుకాణాల పైఅంతస్తులో ఖలీల్ భాయ్ కంప్యూటర్లు బిగించి అమ్మేవాడు. కింద కొత్త బట్టల గంజి వాసన, అత్తరు వాసన. మెట్లెక్కితే కాలిన తగరం వాసన. ఒక వానాకాలం ఆయన దుకాణంలో మీటరు కాలిపోతే బాపు తడుస్తూ నిలబడి బాగుచేశాడట. అందుకని బాపును చూడగానే లేచి నిలబడి లైన్‌మన్ సాబ్ అనేవాడు, చాయ్ తెప్పించేవాడు.

ఏ భాగం ఎందుకో నేను అప్పటికే కాలేజీలో స్నేహితులనడిగి నేర్చుకున్నాను. సొమ్ము తక్కువ, కోరిక పెద్దది. కాబట్టి ఒక్కదాని కోసం మిగతావన్నీ వదులుకోవాలని ముందే నిర్ణయించుకున్నాను. ప్రాసెసర్ కింది రకం చాలన్నాను. హార్డ్ డిస్కు చిన్నది చాలన్నాను. మానిటర్ ఎవరో వాడి అమ్మేసినది, ఒక మూల కొంచెం పసుపుపచ్చగా కనిపించేది, అదే ఇమ్మన్నాను. స్పీకర్లు వద్దన్నాను. అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు ఖలీల్ భాయ్ ఊరికే ఇచ్చాడు. పిల్ల ఎంత పొదుపరి అని ఆయన బాపుతో మెచ్చుకోలుగా అన్నాడు. అలా అన్నిట్లోనూ గీకి మిగిల్చిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు తియ్యమన్నాను. ఎందుకమ్మా అన్నాడు బాపు. బొమ్మ సాఫ్‌గా కనబడుతుందని చెప్పాను. ఖలీల్ భాయ్ నా మొహం చూశాడు, ఆయనకు అర్థమైంది. మంచివాడు, నోరు మెదపలేదు.

అంతసేపూ బాపు గోడవైపు చూస్తూ చాయ్ తాగుతున్నాడు. ర్యామ్ అంటే ఏంటో, బోర్డు అంటే ఏంటో ఆయనకు తెలీదు. తెలియని చోట మాట్లాడే అలవాటూ లేదు. చివరగా ఖలీల్ భాయ్ ఒక ఇనుప డబ్బా తీసి, ఈ కార్డుకు ఇది పడుతుంది సాబ్, నాలుగునూర్ల వాట్లు, అన్నాడు. బాపు గ్లాసు కింద పెట్టాడు. ఆ దుకాణంలో ఆయనకు తెలిసిన మాట ఆ ఒక్కటే వినబడింది. డబ్బా చేతిలోకి తీసుకుని చీటీ చదివాడు. దీనికంటే చిన్నది లేదా అని అడిగాడు. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చేది ఒకటుంది, కానీ చాలదన్నాడు ఖలీల్ భాయ్.

"సాబ్, అది తినే లెక్క కాదు. మోసే తాఖత్. చిన్నది పెడితే కార్డ్ నై ఉఠాతా, బైఠ్ జాతా, మొయ్యలేక కూలబడ్తది."

"ఖలీల్ భాయ్, రేటు చెప్పు, వింట. సామాన్ గురించి చెప్పు, వింట. వాట్లు మాత్రం నాకు చెప్పకు," అన్నాడు బాపు.

కోపంగా అనలేదు. ఎంతో మర్యాదగా అన్నాడు, అందుకే ఎదురుచెప్పడానికి లేకపోయింది. లైన్‌మన్‌కు కరెంటు పాఠం చెప్పేంత ధైర్యం ఖలీల్ భాయ్‌కు ఎక్కడిది? నా వైపు చూశాడు. నేను మాట్లాడాలి. కానీ ఆ డబ్బా పెద్దది ఎందుకు కావాలో చెప్పాలంటే కార్డు ఎంత లాగుతుందో చెప్పాలి, అది చెబితే చదువుకు అంత లాగే కార్డెందుకన్న ప్రశ్న వస్తుంది, దానికి జవాబు ఎర్ర కారు. గొంతు దాకా వచ్చింది. మింగేశాను. క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన చిన్న డబ్బానే బిగించి ఇచ్చారు. ఆటోలో మానిటర్‌ను ఒళ్లో పెట్టుకుని బాపు మంచి బేరం చేశామన్న తృప్తితో కూర్చున్నాడు.

ఇంట్లో అమ్మ కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టింది. నాయనమ్మ కొబ్బరికాయ కొట్టింది. రాతపనులన్నీ బ్రహ్మాండంగా నడిచాయి. రమేశ్ సీడీ తెచ్చి ఆట ఎక్కించాడు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు మొదలుపెట్టాను. సముద్రం కనిపించింది, రోడ్డు కనిపించింది, కారు కదిలింది, మొదటి మలుపు దగ్గర టప్పుమని మొత్తం ఆరిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ అక్కడే. మలుపులో చెట్లు, కొండ, నీళ్లు అన్నీ ఒకేసారి గీయాల్సి వచ్చి కార్డు కరెంటు గుంజేది, డబ్బా ఇవ్వలేక చేతులెత్తేసేది. కారణం నాకు తెలుసు. పరిష్కారమూ తెలుసు, దాని ధరా తెలుసు. ఆ మూడూ తెలిసి ఆ ఎండాకాలమంతా ఆ మలుపు దగ్గరే కొట్టుకున్నాను. రంగులు తగ్గించాను, చెట్లు తీసేయించాను, బొమ్మ అగ్గిపెట్టెంత చేశాను. ఎంత చేసినా మలుపు దాటలేదు.

చదువుకునే యంత్రం ఆగిపోతోందని చివరికి బాపుకు తెలిసింది. ఆయన దాన్ని తన పరువు సమస్య చేసుకున్నాడు. లైన్‌మన్ ఇంట్లో కరెంటు నిలవకపోవడమా? మా ఇంటికొచ్చే సర్వీసు వైరు మార్చాడు. స్తంభమెక్కి జాయింట్లు బిగించాడు. స్టెబిలైజరు ఎక్కడినుంచో అడిగి తెచ్చాడు. పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పు, బొగ్గు పొరలుగా వేసి కొత్తగా ఎర్తింగ్ పెట్టాడు, రోజూ పొద్దున అందులో చెంబెడు నీళ్లు పోసేవాడు. ఏం మొలుస్తుందిరా అక్కడ అని నాయనమ్మ అడిగేది. కంప్యూటర్‌లో డబ్బా మారిస్తే చాలు బాపూ అని ఒకసారి మెల్లగా అన్నాను. ఎక్కువ తినేది పెడితే ఇంకా తొందరగా ఆగుతుంది గదా అన్నాడు. ఆయన లెక్కలో అది నిజమే. తప్పు లెక్కలోనే ఉందని చెప్పడానికి నాకు ఖలీల్ భాయ్ మాటలు తప్ప వేరే మాటలు లేవు, అవి అప్పటికే చెల్లలేదు.

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆయన నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఏ పని చేస్తే ఆగుతుందో అది చేసి చూపించమన్నాడు. బొమ్మలు గీసేటప్పుడు అన్నాను. ఆ బొమ్మే చూపియ్యమన్నాడు. తప్పించుకునే దారి లేదు. ఆట పెట్టాను. ఎర్ర కారు బయల్దేరింది. ఇప్పుడు చెంప పగులుతుంది, కంప్యూటర్ ఖలీల్ భాయ్ దగ్గరికి వాపసు పోతుంది అనుకుంటూ నడుపుతున్నాను. బాపు కొంచెం ముందుకు వంగాడు. మంచిగనే నడుపుతున్నవ్ గదనే అన్నాడు. అంతలో మలుపు వచ్చింది, ఆరిపోయింది. ఆయన మొహంలో నేను భయపడిన కోపం లేదు. పని సగంలో పాడైనప్పుడు పనివాడికి వచ్చే కోపం ఉంది. ఇంట్ల లోడ్ ఎక్కువైంది అని లేచాడు.

ముందు ఫ్రిజ్ ఆపాడు. అమ్మ పాలగిన్నె తీసి నీళ్ల బేసిన్‌లో పెట్టుకుంది. టీవీ ఆపాడు, నాయనమ్మ నోరెత్తలేదు. ట్యూబులైటు ఆపాడు. చివరికి పంకాలు కూడా ఆపాడు. మే నెల, ఉప్పుగూడ, రేకుల వసారా ఉన్న ఇల్లు. రమేశ్ అట్టముక్కతో నాయనమ్మకు విసురుతున్నాడు. అమ్మ కొంగుతో మెడ తుడుచుకుంటోంది. అందరూ తెర వైపే చూస్తున్నారు. నేను ఆడుకోవడం కోసం మా ఇంట్లో నలుగురు ఉక్కపోతలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. కారు కదిలింది. మలుపు దాటింది. ఎలా దాటిందో ఇప్పటికీ తెలీదు. రెండో మలుపు కూడా దాటేసరికి నాయనమ్మ చప్పట్లు కొట్టింది. మూడో దాని దగ్గర ఆరిపోయింది.

బాపు చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. ఇల్లంతా ఒకసారి చూశాడు. "ఇంకేం బంద్ చెయ్యాలె చెప్పు బిడ్డా," అన్నాడు.

ఏమీ లేదు బాపూ, పంకాలు వెయ్యి అన్నాను. ఆ వారమే కార్డును ఖలీల్ భాయ్‌కు తిరిగిచ్చేశాం. కార్డు తీశాక కంప్యూటర్ ఎన్నడూ ఆగలేదు. చూశావా, నేను చెప్పలేదా, లోడే అన్నాడు బాపు. ఆడొద్దని మాత్రం ఆయన ఏనాడూ అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. అనుమతి దొరకదని అంత భయపడ్డాను, అడగకుండానే దొరికింది. కరెంటు దొరకలేదు. ఆ ఆదివారం గురించి చెబితే వినేవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి, ఎంత ప్రేమ అంటారు. ప్రేమకు లోటు లేదు, నాకు తెలుసు. లోటు వాట్లకే.

చెప్పాల్సిన మాట నాకు చాలా ఏళ్లకు, ఒక రోజు సిటీ బస్సులో తట్టింది. మన గల్లీ మూల మీది ట్రాన్స్‌ఫార్మర్ మీద వంద కేవీఏ అని రాసుంటది గద బాపూ, అది తింటదా, ఇస్తదా? ఇంతే మాట. వినగానే ఆయన నవ్వి, లేచి చెప్పులేసుకుని పత్తర్‌గట్టికి బయల్దేరేవాడు. ఆ మాట తట్టేసరికి బాపు లేడు. బస్సులో కూర్చుని పిచ్చిదానిలా కోపంతో ఏడ్చాను.

ఆ కంప్యూటర్ మీదే నా మొదటి కథలు రాశాను. ఈ సంగతి తెలిసిన మిత్రులు సభల్లో ముచ్చటగా చెబుతుంటారు, ఆ ఆట నడిచి ఉంటే ఈమె రచయిత్రి అయ్యేది కాదని. అందరూ నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. ఆట నడిచి ఉంటే ఆడేదాన్ని, రాసేదాన్ని. మా తమ్ముడు ఆడాడు, చదివాడు, ఉద్యోగం చేస్తున్నాడు, వాణ్ని ఎవరూ ఆ మాట అనలేదు.

మొన్న ఆదివారం రమేశ్‌కు ఆ ట్రాన్స్‌ఫార్మర్ మాట చెప్పాను. వాడు అకౌంట్స్ మనిషి. విని, అదంతా సరే అక్కా, చదువుకు ఇంత పెద్దది అవసరమా అన్నాడు. అప్పుడు అర్థమైంది, మేఘన కూడా చదువుకనే చెప్పిందని. ఇప్పటి పిల్లకు వీడియోలు చూసి ఏ భాగం ఎంత లాగుతుందో వేళ్ల మీద లెక్క తెలుసు. సామాన్లు ఇంటి గుమ్మంలోకే వస్తాయి. ఇన్ని తెలిసినా అసలు మాట దగ్గర నాలాగే మింగేసింది. నాకు ఆ పిల్ల మీద కూడా కోపం వచ్చింది. దేనికో మీ నాన్నకు సరిగ్గా చెప్పు అన్నాను. అది నా వైపు ఒకసారి, వాళ్ల నాన్న వైపు ఒకసారి చూసింది.

"గేమ్స్ కోసమే డాడీ. చదువు గూడ చేస్కుంట. కని గేమ్స్ కోసమే."

రమేశ్ నేను మందలిస్తానని ఎదురుచూస్తూ నా మొహం చూశాడు. "నెట్ సెంటర్‌ల రోజూ నువ్వేం చదివినవ్‌రా?" అన్నాను. వాడు నా ముందున్న ఫోన్ తీసి మేఘన చేతిలో పెట్టాడు. పెద్దదే తెప్పించుకో అన్నాడు.

పది పన్నెండు రోజులకు మేఘన ఫోన్ చేసి రమ్మంది. బల్ల మీద అద్దం పెట్టెలాంటి కంప్యూటర్, లోపల రంగు దీపాలు. పైన పంకా తిరుగుతోంది, వంటింట్లో మిక్సీ తిరుగుతోంది, హాల్లో టీవీ మోగుతోంది. ఎవరూ ఏదీ ఆపలేదు. కార్ల ఆట పెట్టి నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. ఈ ఆటలో సముద్రం లేదు, కొండదారి ఉంది. కారు బయల్దేరింది. మొదటి మలుపు కనబడగానే నా వేళ్లు వాటంతట అవే మీటల మీంచి లేచిపోయాయి. కారు నడిరోడ్డు మీద ఆగింది. తెర వెలుగుతూనే ఉంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని అది ఆరిపోవడం కోసం ఎదురుచూస్తున్నాను.

"ఆగినవేంది అత్తమ్మా," అంది మేఘన. "ముంగట రోడ్డున్నది గద, పో."